వాల్టర్ షూహార్ట్

వాల్టర్ ఆండ్రూ షూహార్ట్ (మార్చి 18, 1891 - మార్చి 11, 1967) అమెరికాకు చెందిన భౌతిక శాస్త్రవేత్త, ఇంజనీరు మరియు గణాంక శాస్త్రవేత్త. గణాంక నాణ్యతా నియంత్రణ అనే శాస్త్రానికి ఈయనను పితామహునిగా పేర్కొంటారు. 1924లో ఈయన రూపొందించిన నియంత్రణ పటం (కంట్రోల్ చార్టు) మొదట టెలిఫోను పరికరాల తయారీ కోసం పుట్టినది. తరువాత అది అనేక పరిశ్రమలకు, అక్కడినుండి ఆసుపత్రులలోని రక్తపరీక్షల ప్రయోగశాలలకు వ్యాపించింది.

నేడు గుర్తింపు పొందిన ప్రతి వైద్య ప్రయోగశాలలోను రోగుల నమూనాలను పరీక్షించడానికి ముందు యంత్రం సరిగా పనిచేస్తున్నదో లేదో చూచే పద్ధతికి మూలం షూహార్ట్ ఆలోచనే. షూహార్ట్ వైద్యుడు కాడు. ఆయన వృత్తి జీవితం దాదాపు అంతయు ఒక టెలిఫోను సంస్థలోనే గడచినది.

బాల్యం, విద్యాభ్యాసం

షూహార్ట్ అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రంలో న్యూ కాంటన్ అనే చిన్న ఊరిలో జన్మించాడు. ఇల్లినాయిస్ విశ్వవిద్యాలయంలో పట్టభద్రుడై, అక్కడే స్నాతకోత్తర పట్టా కూడా పొందాడు. ఎడ్నా హార్ట్‌ను వివాహమాడిన తరువాత దంపతులిద్దరూ కాలిఫోర్నియా రాష్ట్రానికి తరలివెళ్ళారు. అక్కడి బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుండి 1917లో భౌతిక శాస్త్రంలో డాక్టరేటు అందుకున్నాడు. చిక్కని ద్రవ్యంలో చిన్న బిందువుల చలనం ఈయన పరిశోధనాంశం.

కొలతకు సంబంధించిన ఈ శిక్షణ ఆయన తరువాతి కృషికి పునాది అయినది. ఒకే వస్తువును ఎంత జాగ్రత్తగా మళ్ళీ మళ్ళీ కొలిచినా ఫలితాలు అచ్చు గుద్దినట్లు ఒకే విధంగా రావని భౌతిక శాస్త్రవేత్తలకు బాగుగా తెలుసు. ఈ విషయాన్ని కర్మాగారానికి అన్వయించడమే షూహార్ట్ ప్రత్యేకత. కొంతకాలం అధ్యాపకునిగా పనిచేసిన పిమ్మట ఈయన పరిశ్రమలో అడుగుపెట్టాడు.

వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో

1918లో షూహార్ట్ వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో ఇంజనీరుగా చేరాడు. బెల్ టెలిఫోను వ్యవస్థకు కావలసిన పరికరాలన్నిటినీ తయారుచేసేది ఈ సంస్థయే. షికాగో సమీపంలోని హాథార్న్ కర్మాగారం దీనికి ముఖ్యకేంద్రం. టెలిఫోను తీగలతో పాటు కొన్ని పరికరాలను భూమిలో పాతిపెట్టవలసి వచ్చేది. అవి చెడిపోతే త్రవ్వి తీసి బాగుచేయడం చాలా ఖర్చుతో కూడిన పని. కాబట్టి పరికరాలు ఎక్కువకాలం చెడిపోకుండా ఉండాలన్నది సంస్థ కోరిక.

ఆ రోజులలో నాణ్యత అంటే తయారైన వస్తువులను చివరలో పరీక్షించి, చెడ్డవాటిని ఏరి పారవేయడమే. ఒక చోట లోపం కనబడగానే అక్కడి పనివారు యంత్రాన్ని సవరించేవారు. అయితే ఇలా తరచుగా సవరించడం వలన కొన్నిసార్లు తేడాలు తగ్గడానికి బదులు పెరిగేవి. దీనికి కారణం ఏమిటన్న ప్రశ్న షూహార్ట్‌ను ఆకర్షించింది.

1924 మే 16వ తేదీన షూహార్ట్ తన పై అధికారి జార్జ్ ఎడ్వర్డ్స్‌కు ఒక చిన్న వినతిపత్రం పంపాడు. దాని నిడివి సుమారు ఒక పేజీ మాత్రమే. అందులో కొంత భాగాన్ని ఒక చిత్రం ఆక్రమించింది. ఆ చిత్రమే మొదటి నియంత్రణ పటం. 1925లో బెల్ టెలిఫోను ప్రయోగశాలలు ఏర్పడినప్పుడు షూహార్ట్ అందులో చేరి, 1956లో పదవీ విరమణ చేసేవరకు అక్కడే పనిచేశాడు.

నియంత్రణ పటం - మూలసూత్రం

ఏ పనిలోనైనా ఫలితాలలో తేడాలు తప్పవని షూహార్ట్ గ్రహించాడు. ఈ తేడాలకు కారణాలను ఆయన రెండు రకాలుగా విభజించాడు.

* యాదృచ్ఛిక కారణాలు: ఇవి ఆ పనిలోనే ఇమిడి ఉండే అనేక చిన్న చిన్న కారణాలు. వీటిని ఒక్కొక్కటిగా వెదకి పట్టుకోవడం వ్యర్థం. వీటిని తగ్గించాలంటే పని చేసే పద్ధతినే మార్చాలి.
* ఆపాదించదగిన కారణాలు: ఇవి బయటినుండి వచ్చిపడే ప్రత్యేక కారణాలు. అరిగిపోయిన భాగం, నాసిరకం ముడిసరుకు, శిక్షణలేని పనివాడు వంటివి. వీటిని వెదకి తొలగించవచ్చు.

ఈ రెండింటిని వేరుచేయడానికే నియంత్రణ పటం ఉపయోగపడుతుంది. పటంలో మధ్యన సగటును సూచించే గీత ఉంటుంది. దానికి పైన, క్రింద ప్రామాణిక విచలనానికి మూడు రెట్ల దూరంలో రెండు హద్దు గీతలు ఉంటాయి. కొలతలను వచ్చిన వరుసలోనే చుక్కలుగా గుర్తిస్తారు. చుక్కలు హద్దుల మధ్య క్రమం లేకుండా ఉన్నంతవరకు యంత్రాన్ని ముట్టుకోరాదు. ఏదైనా చుక్క హద్దు దాటితే మాత్రం కారణాన్ని వెదకాలి.

ఇందులో రెండు రకాల పొరపాట్లకు అవకాశం ఉంది. మామూలు తేడాను లోపంగా భావించి అనవసరంగా యంత్రాన్ని సవరించడం మొదటిది. నిజమైన లోపాన్ని మామూలు తేడాగా భావించి విడిచిపెట్టడం రెండవది. హద్దులను దగ్గరగా గీస్తే మొదటి పొరపాటు, దూరంగా గీస్తే రెండవ పొరపాటు పెరుగుతాయి. మూడు రెట్ల హద్దును షూహార్ట్ ఎన్నుకున్నది ఈ రెండు నష్టాలను తూచి చూచిన తరువాతనే. అనుభవంలో అది లాభదాయకంగా ఉండడమే దానికి ముఖ్య సమర్థన.

తన సిద్ధాంతాన్ని పరీక్షించడానికి షూహార్ట్ ఒక గిన్నెలో అంకెలు వేసిన బిళ్ళలను ఉంచి, ఒక్కొక్కటిగా తీసి, అంకె వ్రాసుకొని, మళ్ళీ గిన్నెలో వేసేవాడు. యాదృచ్ఛిక కారణాలు మాత్రమే ఉన్నప్పుడు పటం ఎలా ఉంటుందో ఇలా వేల పర్యాయాలు చేసి తెలుసుకున్నాడు.

గ్రంథాలు, ప్రభావం

షూహార్ట్ మొదటి గ్రంథం 1931లో వెలువడింది. పారిశ్రామిక ఉత్పత్తుల నాణ్యతను పొదుపుగా నియంత్రించడం దీని విషయం. 1932లో ఈయన లండన్‌లో ఉపన్యాసాలిచ్చాడు. అక్కడి గణాంక శాస్త్రవేత్త ఈగన్ పియర్సన్ ఈ పద్ధతులపై ఆసక్తి చూపి, 1935లో బ్రిటిష్ ప్రమాణంగా వెలువడిన గ్రంథాన్ని రచించాడు.

1938లో వాషింగ్టన్‌లో షూహార్ట్ ఇచ్చిన ఉపన్యాసాలు 1939లో రెండవ గ్రంథంగా వచ్చాయి. దీనికి సంపాదకుడు విలియం ఎడ్వర్డ్స్ డెమింగ్. నిర్దేశించడం, తయారుచేయడం, తనిఖీ చేయడం అనే మూడు మెట్లు సరళరేఖలో కాక వలయంగా సాగాలని ఈ గ్రంథం ప్రతిపాదించింది. ఈ ఆలోచన తరువాత ప్రణాళిక, ఆచరణ, పరిశీలన, దిద్దుబాటు అనే నాలుగు మెట్ల చక్రంగా ప్రసిద్ధి చెందింది. 1950లో డెమింగ్ జపానుకు వెళ్ళి అక్కడి ఇంజనీర్లకు, పారిశ్రామికవేత్తలకు షూహార్ట్ పద్ధతులను బోధించాడు.

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆయుధాల తయారీలో నాణ్యత కొరకు అమెరికాలో నియంత్రణ పటాలపై ప్రమాణాలు వెలువడ్డాయి. యుద్ధ పరికరాల కర్మాగారాలలో వేలాది మందికి ఈ పద్ధతిలో శిక్షణ ఇచ్చారు. షూహార్ట్ రచనాశైలి కఠినమైనదని పేరు. ఆయన భావాలు సామాన్య ఇంజనీర్లకు చేరినది చాలావరకు డెమింగ్ వంటి అనుయాయుల ద్వారానే.

భారతదేశంతో సంబంధం

ప్రశాంత చంద్ర మహలనోబిస్ నెలకొల్పిన భారత గణాంక సంస్థ ఆహ్వానంపై షూహార్ట్ 1947-48లో భారతదేశానికి వచ్చాడు. స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది నెలలకే జరిగిన ఈ పర్యటనలో పరిశ్రమల ప్రతినిధులతో సమావేశమై నాణ్యతా నియంత్రణను గురించి వివరించాడు. దేశంలో ఈ ఉద్యమానికి ఆ పర్యటన నాంది అయినది. 1950వ దశకంలో భారత గణాంక సంస్థ బొంబాయి, బెంగళూరు, కలకత్తాలలో గణాంక నాణ్యతా నియంత్రణ విభాగాలను ఆరంభించింది. హైదరాబాదులో కూడా ఇటువంటి విభాగం ఉన్నది. ప్రసిద్ధ తెలుగు గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు అనేక దశాబ్దాలు పనిచేసినది ఈ సంస్థలోనే.

మరణం

పదవీ విరమణ తరువాత కూడా షూహార్ట్ గణాంక గ్రంథాల సంపాదకత్వం కొనసాగించాడు. 1967 మార్చి 11న న్యూజెర్సీ రాష్ట్రంలోని ట్రాయ్ హిల్స్‌లో, డెబ్బై ఆరవ పుట్టినరోజుకు వారం రోజుల ముందు మరణించాడు.

వైద్య ప్రయోగశాలలలో షూహార్ట్ పద్ధతి

1947లో విలియం బెల్క్, విలియం సండర్‌మన్ అనే వైద్యులు పెన్సిల్వేనియా రాష్ట్రంలోని ఆసుపత్రుల ప్రయోగశాలలకు ఒకే రకమైన నమూనాలను పంపి, వచ్చిన ఫలితాలను పోల్చి ప్రచురించారు. ఒకే నమూనాకు వేర్వేరు ప్రయోగశాలలు ఎంతో భిన్నమైన ఫలితాలనిచ్చాయి. ఆ ఫలితాలను నమ్మి చికిత్స చేసే వైద్యులకు ఇది కలవరం కలిగించే విషయం.

1950లో స్టాన్లీ లెవీ, ఎల్మర్ జెన్నింగ్స్ షూహార్ట్ పటాన్ని రక్తపరీక్షల ప్రయోగశాలకు అన్వయించారు. 1952లో హెన్రీ, సెగలోవ్ దీనిని సులభతరం చేశారు. విలువ స్థిరంగా ఉండే ఒక నమూనాను ప్రతిరోజు పరీక్షించి, ఆ ఒక్క ఫలితాన్ని పటంపై గుర్తించడం వీరి పద్ధతి. దీనినే నేడు లెవీ-జెన్నింగ్స్ పటం అంటున్నారు.

ఉదాహరణకు ఒక ప్రయోగశాలలో గ్లూకోజు కంట్రోలు నమూనా సగటు 100 మిల్లీగ్రాములు, ప్రామాణిక విచలనం 3 అనుకొందాం. అప్పుడు షూహార్ట్ హద్దులు 91, 109 అవుతాయి. ఒకరోజు 98, మరునాడు 103 వస్తే చింతించనక్కరలేదు. కాని యంత్రంలో ఏర్పడిన లోపం వలన ఫలితాలన్నీ నూటికి ఆరు చొప్పున పెరిగాయనుకొందాం. కంట్రోలు నమూనా 106 దరిదాపుల్లో వస్తుంది. ఇది హద్దు దాటలేదు. అయితే అదే రోజున పరగడుపు గ్లూకోజు నిజంగా 120 ఉన్న రోగికి నివేదికలో 127 అని వస్తుంది. మధుమేహానికి హద్దు 126 కాబట్టి, ఆ వ్యాధి లేని మనిషికి అది ఉన్నట్లు నివేదిక చెబుతుంది.

ఇటువంటి నెమ్మది లోపాలను పట్టుకోవడానికి ఒక్క చుక్కను కాక చుక్కల వరుసను చూడాలి. 1956లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ తన చేతిపుస్తకంలో ఇందుకు కొన్ని నియమాలను చేర్చింది. 1981లో జేమ్స్ వెస్ట్‌గార్డ్, ఆయన సహచరులు వైద్య ప్రయోగశాలలకు తగిన నియమాలను ప్రకటించారు. వాటిలో ముఖ్యమైనవి:

* ఒక ఫలితం రెండు విచలనాల హద్దు దాటితే అది హెచ్చరిక మాత్రమే.
* ఒక ఫలితం మూడు విచలనాల హద్దు దాటితే ఆనాటి ఫలితాలను నిలిపివేయాలి.
* వరుసగా రెండు ఫలితాలు ఒకే వైపున రెండు విచలనాలను దాటినా నిలిపివేయాలి.
* వరుసగా నాలుగు ఫలితాలు ఒకే వైపున ఒక విచలనాన్ని దాటినా నిలిపివేయాలి.
* వరుసగా పది ఫలితాలు సగటుకు ఒకే వైపున ఉన్నా నిలిపివేయాలి.

పై ఉదాహరణలోని లోపం వరుస ఫలితాలను చూచే ఈ నియమాల వలన కొద్ది రోజులలోనే బయటపడుతుంది. రెండు విచలనాలనే తిరస్కార హద్దుగా వాడేవారు మాత్రం మరొక చిక్కులో పడతారు. రెండు కంట్రోలు నమూనాలను వాడేచోట, ఏ లోపమూ లేకుండానే నూటికి దాదాపు తొమ్మిదిసార్లు హెచ్చరిక వస్తుంది. ఇలా విసిగిన సిబ్బంది, ఫలితం హద్దులోకి వచ్చేవరకు కంట్రోలును మళ్ళీ మళ్ళీ పరీక్షించే అలవాటులో పడితే నిజమైన హెచ్చరిక కూడా మరుగున పడిపోతుంది. షూహార్ట్ కర్మాగారంలో చూచిన రెండు పొరపాట్లే ఇక్కడా ఎదురవుతాయి.

ప్రమాణాలు, గుర్తింపు

షూహార్ట్ మరణించిన 1967వ సంవత్సరంలోనే అమెరికాలో వైద్య ప్రయోగశాలల మెరుగుదలకు చట్టం వచ్చింది. 1988లో దీనిని విస్తరించారు. 2003లో వైద్య ప్రయోగశాలల కొరకు ప్రత్యేకంగా ఐఎస్ఓ 15189 అనే అంతర్జాతీయ ప్రమాణం వెలువడింది. 2007, 2012, 2022లలో దీనిని సవరించారు. భారతదేశంలో ఈ ప్రమాణం ప్రకారం గుర్తింపునిచ్చే సంస్థ ఎన్ఏబీఎల్.

ఈ గుర్తింపు కోరే ప్రయోగశాల తన కంట్రోలు ఫలితాలను నమోదు చేయడంతో పాటు, హద్దు దాటినప్పుడు ఏమి చేసినదో కూడా చూపాలి. అయితే నియంత్రణ పటం ఒక్కటే చాలదు. ఒక ప్రయోగశాల మొదటినుండి స్థిరంగా తప్పు విలువనే ఇస్తూ ఉంటే పటం దానిని చూపలేదు. అందుకే బయటి సంస్థ పంపే నమూనాలను పరీక్షించి ఇతరులతో పోల్చుకోవడం తప్పనిసరి. మనదేశంలో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల ఇటువంటి కార్యక్రమాన్ని నిర్వహిస్తున్నది. అలాగే రక్తం తీసేటప్పుడు జరిగే పొరపాట్లు, ఒకరి గొట్టంపై మరొకరి పేరు వ్రాయడం వంటివి పటానికి అందవు. వాటికి వేరే జాగ్రత్తలు కావాలి.

గౌరవాలు, పదవులు

* అమెరికన్ గణాంక సంఘానికి 1945లో అధ్యక్షుడు
* ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్‌కు అధ్యక్షుడు
* 1946లో ఏర్పడిన అమెరికన్ నాణ్యతా నియంత్రణ సంఘానికి మొదటి గౌరవ సభ్యుడు. ఈ సంఘం ఈయన పేరిట షూహార్ట్ పతకాన్ని నెలకొల్పింది.
* అమెరికన్ మెకానికల్ ఇంజనీర్ల సంఘం వారి హోలీ పతకం, 1954