బంతి ఆటగాడూ కార్మికుడే: బిల్లీ మెరెడిత్ జీవితం

ఈ ప్రత్యేక సంచికకు ఒక కార్మిక నాయకుని జీవితం వ్రాసి పంపమని సంపాదకులు కోరారు. అందరూ ఎదురుచూసే పేర్లు పక్కనబెట్టి నేనొక ఫుట్‌బాల్ ఆటగాణ్ణి ఎంచుకున్నాను. కోట్లు గడించేవారికి యూనియన్ ఎందుకని మిత్రులు కొందరు అనవచ్చు. వారానికి నాలుగు పౌండ్లకు మించి ఏ ఆటగాడికీ జీతం ఇవ్వరాదని ఇంగ్లండులో రూలు ఉన్న రోజులలో ఆడిన మనిషి ఈయన. పేరు బిల్లీ మెరెడిత్.

1874 జులై 30న వేల్స్‌లో చిర్క్ అనే ఊరి దగ్గర, బ్లాక్ పార్క్ అనే బొగ్గుగని పల్లెలో ఆయన జన్మించారు. సింగరేణి ప్రాంతపు మిత్రులకు అలాంటి ఊరు ఎలా ఉంటుందో నేను చెప్పనక్కరలేదు. పన్నెండో ఏట గనిలో దిగారు. బొగ్గు తొట్లు లాగే గుర్రాలను తోలటం పని. 1893లో గని యజమానులు లాకౌట్ ప్రకటించి వేలాది కుటుంబాలను పస్తులుంచిన రోజులు ఆయన కళ్ళారా చూసినవే. మరుసటి సంవత్సరం మాంచెస్టర్ సిటీ క్లబ్బువారు వెతుక్కుంటూ వచ్చారు. ఆట ఆడి డబ్బు తీసుకోవటం తల్లికి బొత్తిగా గిట్టలేదు. కష్టం మీద ఒప్పుకున్నది. అయినా కొన్నాళ్ళు వారమంతా గని పని, శనివారం మాంచెస్టరులో ఆట. మైదానంలో కుడివైపు అంచున, నోట్లో పళ్ళు కుట్టుకునే పుల్ల పెట్టుకొని పరుగెత్తేవారు. కార్టూనిస్టులు ఆ పుల్ల లేకుండా ఆయన బొమ్మ గీసేవారు కారు.

1904లో ఎఫ్.ఎ. కప్ ఫైనలులో బోల్టన్ మీద సిటీ 1-0 తేడాతో గెలిచింది. కెప్టెను మెరెడిత్. ఆ ఒక్క గోలూ ఆయనదే.

ఇక ఆనాటి సర్వీసు రూల్సు చెప్పాలి. పెన్షను ఫైళ్ళ మధ్య ముప్పయ్యేళ్ళు గడిపినవాణ్ణి గనుక నాకు ఈ భాగం మీదే మక్కువ ఎక్కువ. 1901 నుండి గరిష్ఠ జీతం వారానికి నాలుగు పౌండ్లు. మామూలు కార్మికుని సంపాదనతో పోలిస్తే అది తక్కువేమీ కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. కాని ఆటగాడి సర్వీసు పదేళ్ళు నిలిస్తే గొప్ప. ఆ తరువాత గ్రాట్యుటీ లేదు, పెన్షను లేదు. అంతకన్నా దారుణమైన రూలు మరొకటి ఉన్నది. ఒక క్లబ్బులో పేరు నమోదైన ఆటగాడు, కాంట్రాక్టు గడువు తీరిపోయినా, ఆ క్లబ్బు వదిలిపెట్టనిదే మరో లీగు క్లబ్బులో చేరటానికి వీలు లేదు. మన భాషలో చెప్పాలంటే ఉద్యోగం అయిపోయింది, జీతం ఆగిపోయింది, ఎన్.ఓ.సి. మాత్రం ఇవ్వరు. వేరే క్లబ్బుకు అమ్మితే ఆ సొమ్ము క్లబ్బుదే.

దెబ్బ తగిలితే? సిటీ జట్టులో మెరెడిత్ తోటివాడు, అదే ప్రాంతంవాడు, డై జోన్స్. 1902లో సీజను మొదలు కాకముందు ప్రాక్టీసు ఆటలో మోకాలు కోసుకుపోయి, గాయం విషమించి కన్నుమూశాడు. ఆటగాడు చట్టం చెప్పే పనివాడు కాడన్నారు. భార్యాబిడ్డలకు పరిహారం రాలేదు.

1905లో మెరెడిత్ మీదనే పిడుగు పడింది. ఆస్టన్ విల్లా ఆటగాడికి పది పౌండ్లు లంచం ఇవ్వజూపారన్నది అభియోగం. మొదట కాదన్నారు. తరువాత, మేనేజరు చెబితేనే చేశానన్నారు. నేను ఆయనను పూర్తిగా కడిగిన ముత్యమని అనబోవటం లేదు. ఒక సీజను సస్పెన్షను వేశారు. మన సర్వీసు రూల్సులో సస్పెన్షనులో ఉన్నవాడికైనా సగం జీతం జీవనభృతిగా వచ్చేది. ఆయనకు పైసా లేదు. క్లబ్బు ఆదుకోకపోయేసరికి, సిటీ యాజమాన్యం గరిష్ఠ జీతం రూలు దాటి చాటుగా ఎంతెంత ఇచ్చేదో బయటపెట్టారు. 1906లో విచారణ జరిగి పదిహేడుగురు ఆటగాళ్ళు సస్పెండయ్యారు, మేనేజరు పదవి పోయింది. మెరెడిత్ పక్క క్లబ్బు మాంచెస్టర్ యునైటెడ్‌లో చేరారు. రూలు పెట్టినవారే రూలును చాటుగా మీరుతుంటే, శిక్ష మాత్రం ఎక్కువగా ఆటగాళ్ళకే పడిందని ఆయన గ్రహించారు.

1907లో యునైటెడ్ ఆటగాడు టామస్ బ్లాక్‌స్టాక్ ఒక ఆటలో బంతిని తలతో కొట్టి, కుప్పకూలి మరణించాడు. సహజ మరణమని తేల్చారు. ఆ కుటుంబానికీ ఏమీ దక్కలేదు. ఆ ఏడు డిసెంబరు 2న మాంచెస్టరులోని ఇంపీరియల్ హోటలులో ఆటగాళ్ళు సమావేశమయ్యారు. అధ్యక్షత వహించింది మెరెడిత్. అలా ఆటగాళ్ళ యూనియన్ పుట్టింది. గరిష్ఠ జీతం ఎత్తివేయాలి, గడువు తీరాక ఇష్టమైన క్లబ్బుకు పోయే స్వేచ్ఛ ఉండాలి, గాయపడితే 1906 నాటి కార్మిక నష్టపరిహార చట్టం తమకూ వర్తించాలి, ఇవీ కోర్కెలు. మన దేశంలో అటువంటి చట్టం 1923లో వచ్చింది.

మొదట ఫుట్‌బాల్ అసోసియేషన్ ఈ సంఘాన్ని గుర్తించింది. యూనియన్ వారు ఇతర కార్మిక సంఘాల సమాఖ్యలో చేరబోతున్నారనగానే బెదిరింది. గని కార్మికుల సమ్మెకు సానుభూతిగా బంతి ఆట కూడా ఆగిపోతుందేమోనని భయం కాబోలు. 1909 జులై 1 లోగా యూనియన్‌కు రాజీనామా ఇవ్వనివారి రిజిస్ట్రేషను రద్దు అని హుకుం జారీ చేసింది. ఊరూరా ఆటగాళ్ళు సంతకాలు పెట్టేశారు. అప్పటికి లీగూ కప్పూ గెలిచి ఉన్న యునైటెడ్ జట్టు మాత్రం పెట్టలేదు. వేసవి జీతాలు ఆపారు. వాళ్ళు సొంతంగా సాధన చేస్తూ, తమను వెలివేసినవారి జట్టు అని పిలుచుకొని, ఆ పేరుతో బోర్డు వ్రాసి ముందు పెట్టుకొని ఫోటో దిగారు. కెప్టెను చార్లీ రాబర్ట్స్, మెరెడిత్ ఆ పోరాటానికి మూలస్తంభాలు. వీళ్ళను చూసి మిగతా చోట్లా కదలిక వచ్చింది. సీజను మొదలయ్యే ముందురోజు, ఆగస్టు 31న, రాజీ కుదిరింది. యూనియన్‌కు గుర్తింపు, బకాయి జీతాలు దక్కాయి. గరిష్ఠ జీతమూ, కట్టుబానిస రూలూ అలాగే ఉండిపోయాయి. సమాఖ్యలో చేరకూడదని సభ్యులే తరువాత ఓటు వేశారు. మెరెడిత్‌కు ఆ ముగింపు మింగుడుపడలేదు.

పరిహారం విషయంలో మాత్రం న్యాయం జరిగింది. క్రిస్టల్ పాలెస్ క్లబ్బు ఆటగాడు వాకర్ కేసులో, వృత్తిగా ఆడేవాడు చట్టప్రకారం కార్మికుడేనని అప్పీలు కోర్టు తేల్చింది. 1910 నాటి లా రిపోర్టులలో ఆ తీర్పు ఉన్నది. ఆట నైపుణ్యం ఆటగాడి సొంతమే అయినా, అతడు యజమాని అదుపాజ్ఞలలో పని చేసేవాడే అన్నది దాని సారాంశం. డై జోన్స్ పోయిన కొన్నేళ్ళకు!

మెరెడిత్ ఆట మానలేదు. వేల్స్ తరఫున 48 ఆటలు ఆడి, 1920లో నలభై అయిదేళ్ళ వయసులో ఇంగ్లండును ఇంగ్లండు గడ్డ మీద ఓడించిన జట్టులో చివరి ఆట ఆడారు. 1921లో తిరిగి సిటీకి వెళ్ళారు. చివరి ఆట 1924 కప్ సెమీఫైనలు, అప్పటికి నలభై తొమ్మిదేళ్ళు దాటాయి. మనవాళ్ళు యాభై ఎనిమిదికే పెద్దవాళ్ళమైపోయామని బాధపడతారు. ఆ తరువాత మాంచెస్టరులో పబ్బు నడుపుకున్నారు.

1958 ఏప్రిల్ 19న, ఎనభై మూడో ఏట కన్నుమూశారు. మ్యూనిక్ విమాన ప్రమాదంలో యునైటెడ్ యువ ఆటగాళ్ళు పోయిన దుఃఖంలో నగరమంతా ఉన్నది, ఈ వృద్ధుని మరణం పెద్దగా ఎవరి చెవినా పడలేదు. ఆనాటికీ గరిష్ఠ జీతం రూలు అమలులోనే ఉన్నది. యూనియన్ అధ్యక్షుడు జిమ్మీ హిల్ సమ్మె నోటీసు ఇచ్చిన మీదట 1961 జనవరిలో దానిని ఎత్తివేశారు. గడువు తీరిన ఆటగాణ్ణి కట్టిపడేసే రూలు న్యాయం కాదని 1963లో జార్జ్ ఈస్ట్‌హామ్ కేసులో హైకోర్టు చెప్పింది.

మాంచెస్టరు సదరన్ శ్మశానంలో ఆయన సమాధి మీద ఏళ్ళ తరబడి పేరు చెక్కిన రాయి కూడా లేదు. 2001లో వేల్స్ ఫుట్‌బాల్ అసోసియేషను, మాంచెస్టరులోని రెండు క్లబ్బులు, ఆయన అధ్యక్షతన పుట్టిన ఆటగాళ్ళ సంఘం కలిసి ఖర్చు భరించి రాయి వేయించాయి.