తెలుగులో జీవశాస్త్రం: కొమర్రాజు లక్ష్మణరావు గారి జీవితం

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవిత చరిత్ర రాసుకోవడం ఆనవాయితీ. ఈసారి మేము కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారిని ఎంచుకున్నాం. ఆయన సైంటిస్టు కాదు, డాక్టరు కాదు. చరిత్ర పరిశోధకుడు. అయినా మనం సైన్సు నోటుబుక్కులో పెన్సిలుతో గీసే అమీబా బొమ్మకూ, పూవు నిలువుకోత బొమ్మకూ ఆయనతో చుట్టరికం ఉంది.

లక్ష్మణరావు గారు 1877 మే 18న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో జన్మించారు. అది ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. తల్లి గంగమ్మ గారు, తండ్రి వెంకటప్పయ్య గారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. కొంతకాలం భువనగిరిలో చదువుకుని, ఆ తర్వాత నాగపూరులో ఉన్న అక్క భండారు అచ్చమాంబ గారి ఇంటికి చేరారు. అంటే ఆయన కూడా మనలాగే సొంత ఊరికి దూరంగా ఉండి చదువుకున్నవారే.

ఆ ఇంట్లో జరిగిన సంగతి మాకు చాలా నచ్చింది. అక్కకు చిన్న వయసులోనే పెళ్లి అయింది, బడి మొహం చూడలేదు. తమ్ముడు సాయంత్రాలు పాఠాలు చదువుకుంటుంటే పక్కన కూర్చుని ఆమె కూడా నేర్చుకున్నారు. అట్లా నేర్చుకున్నామె గొప్ప స్త్రీల జీవితాలతో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాశారు, కథలు రాశారు. 1905లో ముప్పై ఏళ్లకే చనిపోయారు. చదువు ఒకరి దగ్గరే ఆగిపోకూడదనే ఆలోచన లక్ష్మణరావు గారికి ఆ సాయంత్రాల్లోనే కలిగి ఉంటుందని మేము అనుకుంటున్నాం.

నాగపూరులో బి.ఏ., తర్వాత ప్రైవేటుగా ఎం.ఏ. పూర్తిచేశారు. మరాఠీలో వ్యాసాలు రాయగలిగినంత పట్టు సంపాదించారు. మరాఠీలో అన్ని రకాల పుస్తకాలు వస్తుంటే తెలుగులో ఎందుకు రావడం లేదని ఆయనకు బాధ కలిగింది. మునగాల రాజా నాయని వెంకట రంగారావు గారి వద్ద దివానుగా చేరారు. మునగాల పరగణా అప్పుడు ఇంగ్లీషు వాళ్ల కృష్ణా జిల్లా కిందిది, చుట్టూ మాత్రం నిజాం రాజ్యం. అందువల్ల ఆయనకు రెండు వైపులా స్నేహితులు, రెండు వైపులా పని.

నిజాం రాజ్యంలో అప్పుడు సర్కారు బడి చదువు ఉర్దూలో. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవానికి బడిలో తెలుగు దొరకదు. అటువంటి రోజుల్లో 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఏర్పడింది. దాని స్థాపనలో లక్ష్మణరావు గారు, మునగాల రాజా, రావిచెట్టు రంగారావు గారు ముఖ్యులు. ఆ ఊపులోనే 1904లో మన హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయం వెలిసింది. వరంగల్ వాళ్లం కాబట్టి ఈ మాట కొంచెం గర్వంగానే రాస్తున్నాం.

గ్రంథాలయాలైతే వచ్చాయి గాని వాటిలో పెట్టడానికి పుస్తకాలేవి? పురాణాలు, ప్రబంధాలు ఉన్నాయి. మనిషి గుండె ఎట్లా కొట్టుకుంటుంది, చలిజ్వరం ఎందుకు వస్తుంది, చెట్టు నీళ్లెట్లా తాగుతుంది అని అడిగేవానికి తెలుగులో జవాబు దొరకడం కష్టం. అందుకే 1906లో హైదరాబాదులో లక్ష్మణరావు గారు మిత్రులతో కలిసి విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. 1907లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారు రాసిన అబ్రహాం లింకన్ చరిత్రతో ప్రచురణ మొదలైంది. తర్వాత మండలి మద్రాసుకు మారింది. చరిత్రలు, నవలలతో పాటు శాస్త్ర గ్రంథాలు వేశారు. వైద్యుడు ఆచంట లక్ష్మీపతి గారి చేత జీవశాస్త్రం, అంటువ్యాధుల వంటి విషయాల మీద రాయించారు. వి. శ్రీనివాసరావు గారి 'వృక్షశాస్త్రము' 1916లో వచ్చింది. అందులో మన చుట్టూ కనబడే మొక్కల గురించి బొమ్మలతో వివరించారు.

ఇందులో కష్టమేమిటంటే, దేనికీ తెలుగులో పేరు లేదు. ఇంగ్లీషు మాటను అట్లాగే పెట్టాలా, కొత్త మాట పుట్టించాలా? ఆ కాలపు రచయితలు అమీబాను వికారిణి అన్నారు. నిలకడ లేకుండా ఆకారం మార్చుకునేది కాబట్టి ఆ పేరు. మాట వింటే చాలు, బొమ్మ కళ్లముందు కదులుతుంది. మేము పరీక్షలో అమీబా అనే రాస్తాం గాని, ఈ పాత పేరు తెలిశాక దాని ఆకారం మళ్లీ మరిచిపోలేదు.

బొమ్మ, దాని పక్కన పిల్లల సొంత భాష. ఈ ఆలోచన పాతదే. కొమీనియస్ అనే చెక్ ఉపాధ్యాయుడు 1658లో పిల్లల కోసం ఒక బొమ్మల పుస్తకం వేశారు. పక్షులు, పశువులు, చేపలు, మనిషి శరీర భాగాలు బొమ్మల్లో అంకెలు వేసి చూపించారు. పక్కన లాటిన్‌లో, జర్మన్‌లో పేర్లు. పెద్ద చదువుల భాషతో పాటు ఇంటి భాష కూడా ఉంది. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుండి ఇంగ్లీషు మీడియం మొదలుపెట్టినప్పుడు ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగుతో పాఠ్యపుస్తకాలు ఇచ్చారు. మన స్టడీ అవర్‌లో చిన్న తరగతుల తమ్ముళ్లు ముందు బొమ్మ, తర్వాత తెలుగు పేజీ, చివరకు ఇంగ్లీషు పేజీ చూడటం మేము గమనించాం. ఆ వరుస వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ ఒక నిజం కూడా రాయాలి. మండలి పుస్తకాలు చిన్నపిల్లల కోసం రాసినవి కావు. భాష గ్రాంథికం, మాకే కొన్ని వాక్యాలు రెండుసార్లు చదివితే గాని అర్థం కావు. పైగా చదువు వచ్చినవాళ్లకే అవి చేరాయి. మన ముత్తాతలకు అప్పుడు బడి గుమ్మమే దూరం. అదే 1906లో, అదే హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ గారు జగన్మిత్ర మండలి పెట్టారు. 1910లో ఇసామియా బజారులో దళిత పిల్లలకు బడి తెరిచారు. ఒక మండలి పుస్తకం తయారు చేసింది, ఇంకో మండలి దాన్ని చదవగలిగే పిల్లలను తయారు చేసింది. ఒకే ఊళ్లో ఒకే ఏడాది పుట్టిన ఈ రెండింటినీ కలిపి చెప్పిన పాఠం మాకు ఏ తరగతిలోనూ రాలేదు. మాకు మాత్రం ఇద్దరూ కావలసినవారే.

లక్ష్మణరావు గారి ఆశ ఇంకా పెద్దది. ఇంగ్లీషులో బ్రిటానికా ఉన్నట్టు తెలుగులో ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం తేవాలని పూనుకున్నారు. శాస్త్రం, చరిత్ర, వైద్యం అన్నీ అకారాది క్రమంలో. మూడు పెద్ద సంపుటాలు వచ్చాయి, అన్నీ 'అ' అక్షరంతోనే. ఎన్ని వ్యాసాలు ఆయనే రాసుకున్నారో, ఎన్ని దిద్దారో! మనకు ఒక అసైన్‌మెంటు రాయడానికే రెండు రాత్రులు పడుతుంది. 1917లో నిజాం ప్రభుత్వం ఉర్దూలోకి శాస్త్ర గ్రంథాలు అనువదించడానికి ప్రత్యేక శాఖనే పెట్టింది. తెలుగుకు అటువంటి సర్కారు అండ లేదు.

ఉబ్బస వ్యాధితో బాధపడుతూనే పనిచేసి 1923 జూలై 12న మద్రాసులో ఆయన కన్నుమూశారు. వయసు 46. తర్వాత కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు సర్వస్వాన్ని ముందుకు తీసుకుపోవాలని చూశారు గాని అది పూర్తి కాలేదు.

లక్ష్మణరావు గారు తన కూతురికి అక్క పేరే పెట్టుకున్నారు. ఆ కొమర్రాజు అచ్చమాంబ గారు డాక్టరయ్యారు, 1957లో విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికయ్యారు. కాన్పు గురించి, పసిపిల్లల పెంపకం గురించి ఆమె ఒక పుస్తకం రాశారు. తెలుగులోనే.