ఆ ఇంటి ఖర్చు ఆవిడదే!

ఇరవై మూడేళ్ల వయసులో సుమారు 18 లక్షల పౌండ్ల ఆస్తి కలిసొస్తే? 1814లో లండన్‌లో పుట్టిన ఏంజెలా బర్డెట్ కూట్స్‌కు అదే జరిగింది. 1837లో, బ్యాంకు యజమాని అయిన తాతగారి సంపద ఆమెకు దక్కింది. పెళ్లి సంబంధాలు బారులు తీరాయి. ఆమె చూపు మాత్రం నిలువనీడలేని ఆడపిల్లల మీద పడింది.

రచయిత చార్లెస్ డికెన్స్ తోడుగా 1847లో లండన్ శివార్లలో యురేనియా కాటేజ్ తెరిపించింది. వీధుల్లో బతికినవాళ్లు, జైలు నుంచి వచ్చినవాళ్లు అక్కడ చేరారు. తిండీ బట్టా ఇచ్చి ఊరుకోలేదు. చదువు, వంట, కుట్టుపని నేర్పించారు. ఏడాదో ఏమో ఉంచుకుని, కొత్త బతుకు కోసం ఆస్ట్రేలియా లాంటి చోట్లకు పంపించారు. అందరూ దారికి రాలేదు. కొందరు పారిపోయారు కూడా! అలాగని ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఆ ఇల్లు 1862 దాకా నడిచింది.

1906లో ఆమె కన్నుమూసింది. నీడ ఇస్తే సరిపోదు, ఆ గడప దాటాక నిలబడే ధైర్యమూ ఇవ్వాలని ఆమె చేసి చూపించింది కదూ!