పల్నాటి హయ్యరు గారి చరిత్రము

గురజాలనుండి మాచర్లకు బోవు త్రోవలో, వేసవి యెండలకు బేరువడిన రెంటచింతల గ్రామమున్నది. ఆ నాపరాళ్ల సీమకు 1849వ సంవత్సరమున నేబదియైదేండ్లు దాటిన విదేశీయు డొకడు వచ్చి, గురజాలలో నివాస మేర్పరచుకొనెను. ఆయన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరు. క్రైస్తవుడన్న హేతువుచే నాయన చరిత్రమును మనవారు చదువకుండుట తగదు.

హయ్యరు 1793లో జర్మనీదేశమున హెల్మ్‌స్టెట్టునందు జన్మించి, బాల్యముననే యమెరికా చేరి, లూథరను సంఘమున బోధకుడయ్యెను. భార్య గతించిన పిదప 1841లో నోడ యెక్కి, 1842 జూలై 31వ తేదిని గుంటూరు చేరెను. 1833 నాటి ఘోరక్షామమునుండి యా మండల మప్పటి కింకను దేరుకొనలేదు. కలెక్టరు స్టోక్సుగా రాయనకు దోడ్పడిరి. పాఠశాలలు వెలసినవి.

కొన్నియేండ్లకు స్వదేశమునకు మరలినపుడు విశ్రమింపవలసిన వయసే. అట్లు చేయక, బాల్టిమోరు నగరమున బాలురనదగిన విద్యార్థుల సరసను గూర్చుండి వైద్యశాస్త్ర మభ్యసించి, 1847లో పట్టము బొందెను. జ్వరముతో మూల్గువానికి దొలుత వలయునది యుపన్యాసము కాదని యాయన యెరుగును. మరుసటి యేట మరల హిందూదేశమునకు వచ్చెను. పల్నాటికి వచ్చినది యా వైద్యుడే.

ఆయన విశ్వాసమంతయు మనకు సమ్మతము గాదు. క్రీస్తు మార్గ మొక్కటియే మోక్షమార్గమని యాయన నమ్మెను; సర్వజనుల తండ్రియైన పరమేశ్వరు డొక్క వాకిలినే తెరచియుంచెనని మనము నమ్మజాలము. రామమోహనరాయలవారు 1820లో క్రీస్తు నీతిబోధలను మాత్రమే వేరుచేసి ప్రకటించి, శ్రీరామపురపు మిషనరీల యాగ్రహమునకు బాత్రులైరి గదా! అయినను, బోధను దినచర్యగా మార్చుకొను శక్తి క్రైస్తవులలో నున్నది. అది మనకు లేదనుటకు సిగ్గుపడ నక్కరలేదు; లేకయే యూరకుండుటకు సిగ్గుపడవలెను.

పల్నాడు మాత్రము బీడు గాదు. బ్రహ్మనాయుడు సర్వవర్ణములవారిని చాపలపై గూర్చుండబెట్టి సహపంక్తి భోజనము చేయించెననియు, మాలవాడైన కన్నమదాసును బుత్రునిగా జేపట్టెననియు వీరగాథలు చెప్పుచున్నవి. హయ్యరు కాలమున నాడంబరమునకు లోటులేని వైష్ణవము చాపకూటిని కారెంపూడి తిరునాళ్లకు విడిచి, మాల మాదిగలను ఊరివెలుపల నిలిపెను. వారు మిషనువారి బడి వాకిట చేరినచో తప్పు వారిదా? వైష్ణవమున నౌదార్య ముండెను, అభ్యాసము తప్పినది. క్రైస్తవమున నభ్యాస మున్నది, ఇతరమార్గములయెడ నౌదార్యము కొరత. ఈ రెంటిని గలుపుట మన ప్రార్థనామందిరములలో నెంతవరకు జరిగినదో లెక్క చూచుకొనవలసి యున్నది.

1857లో హయ్యరు అమెరికాకు మరలి, మిన్నెసోటా ప్రాంతమున బనిచేసెను. రాజమహేంద్రవరపు మిషను నన్యసంఘమున కప్పగింప నుద్దేశించుట విని, 1869లో, డెబ్బదియారవ యేట, మూడవమారు సముద్రము దాటెను. వీరేశలింగముగా రప్పటికి యువకులు. మిషనును నిలిపి 1871లో స్వదేశమునకు మరలి, ఫిలడెల్ఫియాలోని వేదాంతపాఠశాల విద్యార్థుల బాగోగులు చూచుచు, 1873 నవంబరు 7వ తేదిని గతించెను.