యతిరాజు శిష్యుడైన సంవత్సరము

నిత్యము భగవత్కైంకర్యమున నుండి పదిమందికి దారి చూపు ఆచార్యులకును, అర్చకులకును విశ్రాంతి యవసరమా? అలసట శరీరధర్మము. అది కాషాయమును చూచి తొలగిపోదు, తిరునామమును చూచి తప్పుకొనదు. ఈ విషయమున శ్రీమద్రామానుజుల దివ్యచరిత్రము మనకొక మార్గమును చూపుచున్నది.

శ్రీరామానుజులు క్రీ.శ. 1017లో శ్రీపెరుంబుదూరున అవతరించిరని సంప్రదాయము. కాంచీపురమున విద్య నభ్యసించి, గృహస్థాశ్రమమును వీడి సన్న్యసించి, పిమ్మట శ్రీరంగము చేరిరి. అచట వారిపై బడిన భారము సామాన్యము కాదు. ఆలయ నిర్వహణము, మఠము, శిష్యులకు పాఠప్రవచనములు, పండితులతో వాదములు, గ్రంథరచన ఇన్నియు ఒక్కరి భుజములపై నిలిచెను. ఆలయవ్యవస్థను వారు చక్కదిద్దుట సహింపనివారును కొందరుండిరి. ఒకనాడు స్వామి స్వీకరింపబోవు భిక్షలో విషము కలుపబడెనని గురుపరంపరా చరిత్రములు చెప్పుచున్నవి. ఆ భిక్షను విడిచి స్వామి ఉపవసించుచుండిరి.

ఈ వార్త విని గురువగు గోష్ఠీపూర్ణులు శ్రీరంగమునకు వచ్చిరి. వారి నెదుర్కొన బోయి రామానుజులు మిట్టమధ్యాహ్నమున కావేరి యిసుకతిన్నెలపై సాష్టాంగపడిరి. ఇసుక కాలుచున్నను గురువు లెమ్మనలేదు. శిష్యులలో కిడాంబి ఆచ్చాన్ ఓర్వలేక, ముందుకు వచ్చి స్వామిని పైకెత్తి, ఇదెక్కడి గురుశిష్యధర్మమని ఆ పెద్దనే నిలదీసిరి. గోష్ఠీపూర్ణులు కోపింపలేదు. రామానుజుల దేహముపై నిజమైన ఆర్తి గలవారెవరో ఎరుగుటకే తామట్లు చేసితిమని తెలిపి, నాటినుండి స్వామికి ప్రసాదము వండి పెట్టు బాధ్యతను ఆయనకే యప్పగించిరి. అందరి ఆత్మక్షేమము నారయు ఆచార్యుని అన్నపానములను విచారించుటకు ఒకరుండవలెనని ఆ గురువు గ్రహించిరి.

పిదప రామానుజులు శిష్యసమేతులై తిరుపతికి వేంచేసిరి. తిరుమలపై వారి మేనమామ తిరుమలనంబి శ్రీనివాసునికి తీర్థకైంకర్యము చేయుచుండిరి. ఆ వృద్ధుడే స్వయముగా ప్రసాదము తెచ్చి ఎదురురాగా, ఎవరైన చిన్నవానిని పంపరాదా యని రామానుజులు నొచ్చుకొనిరట. నాలుగు వీధులు వెదకినను తనకంటె చిన్నవాడు కానరాలేదని నంబి బదులు చెప్పిరట.

ఆ మేనమామ సన్నిధిని యతిరాజు సుమారొక సంవత్సరము శ్రీమద్రామాయణ రహస్యార్థములను వినిరి. వేలమందికి బోధించిన నోరు మౌనము వహించి, చెవి పని చేసిన కాలమది. ఆజ్ఞలిచ్చుట లేదు, తీర్పులు చెప్పుట లేదు. రామకథను వినుటయే పని. నిత్యము ఇచ్చువాడు మరల పుచ్చుకొనుటకు కూర్చుండుటయే ఆచార్యునికి తగిన విశ్రాంతి.

అయితే ఒకరి విశ్రాంతికి మరొకరు శ్రమపడక తప్పదు. నంబి ప్రతిదినము కొండ దిగివచ్చి పాఠము చెప్పెడివారు. అందుచే మధ్యాహ్నసేవ తప్పుచున్నదని వారు కుమిలిపోవగా, స్వామి తన పాదములను అలిపిరియందే సాక్షాత్కరింపజేసెనని స్థలపురాణము. శ్రీపాదాల మండపమున భక్తులు వాని నేటికిని సేవించుచున్నారు. నంబి మోసిన తీర్థమును స్మరించుచు తిరుమలలో ఏటేట తన్నీరముదు ఉత్సవము జరుగుచున్నది.

అనంతరకాలమున రామానుజులు 74 మంది సింహాసనాధిపతులను నియమించి సంప్రదాయభారమును పంచిరి. 1137లో పరమపదించునాటికి ఆ భారము మోయువారు పెక్కురు సిద్ధముగా నుండిరి.

విశాఖపట్నం జిల్లాలో చిరకాలముండి 2022లో అనకాపల్లి జిల్లాలో చేరిన చోడవరమునుండియు, పరిసర గ్రామములనుండియు సింహాద్రికి పోవు యాత్రికులు ఒక్కమాట తలపవలెను. వైశాఖ శుద్ధ తదియనాడు మనకు అప్పన్న నిజరూపదర్శనము లభించుటకై, తెల్లవారకమునుపే మేల్కొని చందనము ఒలుచు చేతులున్నవి. మన యూరి కోవెలలో ఏడాది పొడవున ఒంటరిగా దీపము వెలిగించు అర్చకుడును ఉన్నాడు. ఆయన భోజనము చేసెనా యని యడుగుడు. పదిదినములు క్షేత్రయాత్రకో, పెద్దల యొద్ద పాఠమునకో పోవలెనన్నచో, మారు అర్చకుని ఏర్పరచి సంతోషముగా సాగనంపుడు. కిడాంబి ఆచ్చాన్ చేసిన కైంకర్యమిదియే. గృహస్థులకును ఇది సాధ్యమే.