పి.వి. నరసింహారావు

పాములపర్తి వేంకట నరసింహారావు 1921 జూన్ 28న వరంగల్లు జిల్లా లక్నేపల్లిలో జన్మించారు. దత్తపుత్రునిగా కరీంనగర్ జిల్లా వంగరలో పెరిగారు. బహుభాషాకోవిదులైన ఆయన విశ్వనాథ సత్యనారాయణ గారి 'వేయిపడగలు' నవలను హిందీలోకి అనువదించారు. 1971లో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి పదవిని చేపట్టారు.

1991 ఎన్నికలలో పి.వి. పోటీ చేయలేదు. ఎన్నికల నడుమ రాజీవ్ గాంధీ హత్యకు గురికాగా, కాంగ్రెసు పక్షం ఆయనను నాయకునిగా ఎన్నుకొన్నది. లోక్‌సభలో ఏ పక్షానికీ పూర్తి ఆధిక్యం లభించలేదు. అతిపెద్ద పక్షానికి నాయకునిగా జూన్ 21న ఆయన ప్రధానమంత్రి అయ్యారు.

సభలో ప్రభుత్వం నిలవాలంటే మొత్తం సభ్యులలో సగానికి మించిన మద్దతు అవసరం లేదు; ఓటు వేసినవారిలో అనుకూలురు అధికులైతే చాలును. జూలైలో ప్రతిపక్ష సభ్యులు పలువురు తటస్థంగా ఉండడంతో విశ్వాస తీర్మానం నెగ్గింది. అంతటి స్వల్పబలంతోనే ఆయన ఆర్థిక సంస్కరణలకు పూనుకొన్నారు. నవంబరులో నంద్యాల ఉపఎన్నికలో గెలిచి లోక్‌సభలో ప్రవేశించారు.

1993 జూలై 28న అవిశ్వాస తీర్మానం 251–265 ఓట్లతో వీగిపోయింది. అయితే ఆ గెలుపును ముడుపుల ఆరోపణ వెన్నాడింది. 2000లో కింది న్యాయస్థానం ఆయనను దోషిగా నిర్ణయించగా, 2002లో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానం నిర్దోషిగా ప్రకటించింది.

ఆధిక్యం లేకుండా మొదలైన ఆ ప్రభుత్వం 1996 వరకు పూర్తికాలం కొనసాగింది. పి.వి. 2004 డిసెంబరు 23న కన్నుమూశారు. 2024లో ఆయనకు భారతరత్న పురస్కారం లభించింది.