దైవసేవకుల నాయకుడు ఖాన్ అబ్దుల్ గఫ్ఫార్ ఖాన్

ఊరికి ఏదైనా ఆపద వస్తే మన చూపులు ముందుగా ఎటు వెళతాయి? ప్రభుత్వం వైపు, సంపన్నుల వైపు, ఎక్కడి నుంచో రావలసిన సంస్థల వైపు. వారు వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటాం. ఈ అలవాటును తన జాతి చేత మాన్పించడానికి జీవితాన్నే ధారపోసిన మహనీయుడు ఖాన్ అబ్దుల్ గఫ్ఫార్ ఖాన్. లోకం ఆయన్ను సరిహద్దు గాంధీ అంటుంది. పఠాన్లు ప్రేమగా బాద్షా ఖాన్ అని పిలుచుకున్నారు.

ఆయన 1890లో పెషావర్ సమీపంలోని ఉత్మాన్‌జయీ గ్రామంలో జన్మించారు. తండ్రి బహరామ్ ఖాన్ పెద్ద భూస్వామి. యువకుడైన గఫ్ఫార్ ఖాన్‌కు ఆంగ్లేయుల సైన్యంలో అధికారి పదవి లభించే అవకాశం వచ్చింది. అయితే ఒక పఠాన్ అధికారిని తెల్లవాడు అవమానించడం కళ్లారా చూసి, ఆ పదవిని వద్దనుకున్నారు. పై చదువులకు ఇంగ్లాండు వెళ్లాలనుకున్నా, తల్లి ఇష్టపడకపోవడంతో ఆ కోరికనూ వదులుకున్నారు. ఇక మిగిలింది సొంత ఊరే. అక్కడే పని మొదలుపెట్టారు.

ఆనాటి పఠాన్ల పరిస్థితి దయనీయం. అక్షరజ్ఞానం లేదు. తరతరాల పగలతో అన్నదమ్ముల బిడ్డలే ఒకరినొకరు చంపుకునేవారు. 1910లో ఆయన తురంగ్‌జయీ హాజీ సాహెబ్‌తో కలసి ఉత్మాన్‌జయీలో బడి తెరిచారు. ఆంగ్లేయ ప్రభుత్వం అటువంటి బడులను మూయించింది. విచారకరమైన విషయమేమంటే, మత పెద్దల్లోనూ కొందరు బడి చదువులను వ్యతిరేకించారు. విద్యార్జన మన ధర్మంలో విధి అని తెలిసి కూడా ఇలా జరగడం మా బోటి మదరసా వాళ్లు సిగ్గుతో గుర్తుంచుకోవలసిన సంగతి.

ఆయన నిరాశ చెందలేదు. కాలినడకన వందలాది గ్రామాలు తిరిగారు. ఊరి హుజ్రాలో కూర్చుని జనంతో మాట్లాడారు. 1921లో సమాజ సంస్కరణ కోసం ఒక అంజుమన్ స్థాపించి, ఉత్మాన్‌జయీలో ఆజాద్ పాఠశాల తెరిచారు. తన కుమారుణ్ణి కూడా అందులోనే చేర్చారు. పరుల పిల్లలకు ఒక బడి, తన పిల్లలకు మరో బడి అన్న భేదం ఆయన ఎరుగరు. ఆ ఏడాది చివర్లోనే ఆయన్ను అరెస్టు చేశారు. మూడేళ్ల జైలుశిక్ష పడింది.

1929లో ఆయన ఖుదాయీ ఖిద్మత్‌గార్ అనే వలంటీర్ల దళాన్ని స్థాపించారు. ఖుదాయీ ఖిద్మత్‌గార్ అంటే దైవసేవకుడని అర్థం. దేవునికి మన సేవ అవసరం లేదు, కనుక ఆయన దాసులకు చేసే సేవే ఆయనకు చేసే సేవ అన్నది ఈ పేరులోని భావం. ఇందులో చేరేవారు పగ, ప్రతీకారం వదిలేస్తామని, రోజుకు కనీసం రెండు గంటలు ప్రజాసేవకు కేటాయిస్తామని ప్రమాణం చేసేవారు. జీతం లేదు. తెల్లబట్టలు తొందరగా మాసిపోతున్నాయని వాటికి ఇటుక రంగు వేసుకున్నారు. అందుకే వారికి ఎర్రచొక్కాల వారన్న పేరు వచ్చింది. వీధులు ఊడ్చారు, బడులు నడిపారు, నూలు వడికారు. భూస్వామి కొడుకూ, కూలివాడూ పక్కపక్కన నిలబడి చీపురు పట్టారు.

ఈ సేవకులు ఎక్కడి నుంచో వచ్చినవారు కారు. ఏ ఇంట్లో పస్తులున్నారో, ఏ రెండు కుటుంబాల మధ్య వైరముందో వారికి తెలుసు. వారు చెబితే జనం విన్నారు.

1930 ఏప్రిల్ 23న పెషావర్‌లోని కిస్సా ఖ్వానీ బజారులో నిరాయుధులపై సైన్యం కాల్పులు జరిపింది. ఎందరో ప్రాణాలు కోల్పోయారు. ఆయుధం లేనిదే గడప దాటని జాతి, ఆనాడు సహనంతో నిలబడింది. అణచివేత పెరిగినకొద్దీ దళంలో చేరేవారి సంఖ్యా పెరిగింది.

1946లో బీహార్‌లో మతకల్లోలాలు చెలరేగి వేలాది ముస్లింలు హతులయ్యారు. గఫ్ఫార్ ఖాన్ అక్కడికి వెళ్లి, కూలిన ఇళ్ల మధ్య తిరుగుతూ బాధితులను ఓదార్చారు. 1947లో గాంధీజీ వచ్చాక ఇద్దరూ కలసి పల్లెపల్లెకూ వెళ్లారు.

దేశ విభజనను ఆయన వ్యతిరేకించారు. ఆ తర్వాత పాకిస్తాన్ ప్రభుత్వం 1948లో దళాన్ని నిషేధించి, ఆయన్ను పదేపదే జైల్లో పెట్టింది. ఆంగ్లేయుల కాలాన్నీ కలుపుకుంటే ఆయన చెరలో గడిపింది పాతికేళ్లకు పైనే. భారత ప్రభుత్వం 1987లో భారతరత్నతో గౌరవించింది. 1988 జనవరి 20న పెషావర్‌లో కన్నుమూశారు. ఆయన కోరిక మేరకు ఆఫ్ఘనిస్తాన్‌లోని జలాలాబాద్‌లో ఖననం చేశారు.

ఆయన రాజకీయ నిర్ణయాలతో అందరూ ఏకీభవించకపోవచ్చు. కానీ ఆయన వలంటీర్ల ప్రమాణాన్ని ఎవరు కాదనగలరు? సోదర సోదరీమణులారా! రోజుకు రెండు గంటలు మనకు కష్టమనిపిస్తే, వారానికి రెండు గంటలతో ప్రారంభిద్దాం. మన వీధిలో బడి మానేసిన పిల్లవాడు ఎవరు? మందులు కొనలేని వృద్ధురాలు ఎవరు? ఈ సంగతి బయటివారి కంటే మనకే బాగా తెలుసు. తెలిసిన దానికి రేపు మనమే జవాబు చెప్పుకోవలసి ఉంటుంది. తన దాసులకు సేవ చేసే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.